ఒకే పిట్ట, రెండు రంగులు: డెల్టా పక్షుల ఫొటో డైరీ

ఏం చేస్తున్నాను

తెనాలి చుట్టుపక్కల కాలువ గట్లు, మాగాణి చేలు, గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువు, అప్పుడప్పుడూ కొల్లేరు. ఈ నాలుగు చోట్ల కనబడే పక్షుల్ని ఏడాది పొడవునా ఫొటోలు తీస్తున్నాను. కొత్త కొత్త జాతుల కోసం తిరగడం లేదు. అందరికీ తెలిసిన పిట్టల్లోనే కొన్నిటిని ఎంచుకుని, ఒక్కోదాన్ని కనీసం రెండు కాలాల్లో, వీలైనంతవరకు ఒకే చోట తీసి, ఆ రెండు ఫొటోల్నీ పక్కపక్కన పెట్టాలి. అదీ ప్రాజెక్టు.

ఈ ఆలోచన ఎందుకొచ్చిందంటే, ఈమధ్య చూసే పక్షుల ఫొటోలు చాలావరకు ఒకేలా ఉంటున్నాయి. కొమ్మ మీద పిట్ట, వెనకంతా నున్నగా కరిగిపోయిన ఆకుపచ్చ రంగు. ఈక ఈకా లెక్కపెట్టొచ్చు, అందంగానే ఉంటుంది. కానీ అది ఆషాఢమో మాఘమో, పిట్ట తిండికొచ్చిందో గూటికొచ్చిందో ఆ ఫొటో చెప్పదు. పక్షి బతుకంతా కాలాన్ని బట్టి నడుస్తుంది కదా, ఆ కాలం ఫ్రేములో కనబడాలన్నది నా పట్టుదల. అందుకే ఒక నియమం పెట్టుకున్నాను: ఫ్రేములో సగమైనా పిట్ట ఉన్న చోటు ఉండాలి. నీళ్లో, నారుమడో, కోసిన దుబ్బులో, పూసిన చెట్టో.

ఎంచుకున్నవి ఇవి: ఉన్నికొంగ, గుడ్డికొంగ, గిజిగాడు, మునుగుడు కోడి, పొడుగుతోక జకానా (తామరాకుల మీద నడిచే పక్షి), ఊదా తేనెపిట్ట, గులాబీ గోరింక, మీసాల టెర్న్ (నీళ్ల మీద ఎగురుతూ తిరిగే పక్షి). అన్నీ కాలాన్ని బట్టి రంగు మార్చేవే. కొన్నిట్లో ఆ మార్పు ఎంత ఉంటుందంటే, రెండూ ఒకటే పిట్ట అంటే కొత్తవాళ్లు నమ్మరు.

కంప్యూటర్లో ఫోల్డర్లకి నెలల పేర్లు పెట్టలేదు, కార్తెల పేర్లు పెట్టాను. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి దాదాపు 14 రోజులు. నెల మరీ పెద్దది, అందులో ఈక రాలడం, కొత్త ఈక రావడం, గూడు కట్టడం అన్నీ కలిసిపోతాయి. వారం మరీ చిన్నది. పైగా మా దగ్గర రైతులు నాటు గురించైనా కోత గురించైనా కార్తెల్లోనే మాట్లాడతారు. పక్షులూ ఆ పొలం పనుల్ని బట్టే తిరుగుతాయి కాబట్టి రెండు లెక్కలూ కలుస్తాయి.

సామాను: క్రాప్ సెన్సర్ (కాస్త చిన్న సెన్సర్ ఉన్న) కెమెరా, దూరాన్ని దగ్గరగా చూపే 150-600 మిల్లీమీటర్ల లెన్సు, గింజలు పోసి కుట్టించిన చిన్న గుడ్డ సంచి. గట్టు మీద బోర్లా పడుకుని ఆ సంచి మీద లెన్సు ఆనిస్తే ట్రైపాడ్ కన్నా కిందికి వెళ్లొచ్చు. పిట్ట కంటికి సమానంగా కెమెరా ఉంటే నీళ్లూ ఆకాశమూ వాటంతటవే ఫ్రేములోకి వస్తాయి. పై నుంచి తీస్తే వీపే కనబడుతుంది.

మృగశిర, ఆరుద్ర (జూన్)

తొలకరి పడింది. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం ఉండదని సామెత. కాలువలకి నీళ్లు వదిలేదాకా మాగాణి ఎండిపోయే ఉంటుంది గానీ, రోడ్డు పక్క గుంటల్లో అప్పుడే నీళ్లు నిలిచాయి. గుడ్డికొంగలు అప్పటికే రంగు మార్చేశాయి. ఎండాకాలం ముందు వరకు మట్టిరంగు చారలతో గట్టులో కలిసిపోయే పక్షి, ఇప్పుడు వీపంతా ముదురు మెరూన్, మెడ లేత గోధుమ రంగు, తల వెనక సన్నటి పొడుగాటి ఈకలు. ఒకటి రెండిటికి కాళ్లు కూడా ఎర్రబడ్డాయి. గూడు కట్టే ముందు కొద్ది రోజులే ఆ ఎరుపు ఉంటుంది, తర్వాత తగ్గిపోతుంది. అది ఫొటోలో రావాలంటే ఈ రెండు కార్తెల్లోనే పని కావాలి.

మబ్బు పట్టిన పొద్దు ఈ మెరూన్‌కి బాగా పనికొచ్చింది. ఎండలో ఆ రంగు నల్లగా పడుతుంది, మబ్బులో మెత్తగా విప్పుకుంటుంది. వర్షాకాలంలో లైటు సరిపోదని కెమెరా మూలన పెట్టేవాళ్లకి నేను చెప్పేది ఇదే: ముదురు రంగు పిట్టలకి మబ్బే మంచి లైటు. ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందించే స్థాయి) 3200 దాకా పోనిచ్చినా నష్టం లేదు, ఆ కాస్త గరుకుని తర్వాత సాఫ్ట్‌వేర్‌లో సర్దుకోవచ్చు.

పునర్వసు నుంచి ఆశ్లేష దాకా (జూలై, ఆగస్టు మొదటి సగం)

ఏడాది మొత్తంలో నాకు బాగా ఇష్టమైన రోజులు ఇవి. కాలువలొచ్చాయి, మడులు నిండాయి, దమ్ము మొదలైంది.

దమ్ము చేసే ట్రాక్టర్ వెనక ఉన్నికొంగల గుంపు నడవడం డెల్టాలో పుట్టినవాళ్లందరూ చూసిందే. కానీ కెమెరా పెట్టి చూస్తే అందులో ఎంత క్రమం ఉందో తెలుస్తుంది. ఇనప చక్రాలు బురదని తిరగేసిన చోట కప్పలు, మిడతలు, సాలీళ్లు, వానపాములు ఒక్కసారిగా బయటపడతాయి. కొంగలన్నీ చక్రం పక్కనే ముందు వరసలో ఉండాలని చూస్తాయి. వెనకబడ్డవి రెండు రెక్కలు కొట్టి ముందున్నవాటి తల మీదుగా ఎగిరి మళ్లీ ముందు వాలతాయి. అలా గుంపు మొత్తం దొర్లుకుంటూ ట్రాక్టర్‌తో సాగిపోతుంది. ఈ కదలిక ఒక్క ఫొటోలో ఇమడాలంటే నిలబడ్డ కొంగ, ఎగిరే కొంగ, వాలే కొంగ మూడూ ఫ్రేములో ఉండాలి. దానికి 600 మిల్లీమీటర్లు అక్కర్లేదు, 250 చాలు.

ట్రాక్టర్ నడిపే కుర్రాడు నన్ను చూసి ఆపి మరీ చెప్పాడు. "అన్నా, ఈ మడి అయిపోతే అటు తిప్పుతా. నువ్వు ఆ మూల గట్టు మీద కూర్చో. చక్రం మలుపు తిరిగినప్పుడు కొంగలన్నీ నీ ముందుకే వస్తాయి." అతను చెప్పినట్టే అయ్యింది. రోజంతా వాటిని వెనకేసుకుని తిరిగేవాడికి కొంగల లెక్క నాకన్నా బాగా తెలుసు.

ఇక్కడ ఎక్స్‌పోజర్ విషయం కాస్త విడమర్చి రాస్తాను, మొదలుపెట్టేవాళ్లకి ఉపయోగపడుతుంది. బురద నల్లన, కొంగ తెల్లన. ఫ్రేములో బురదే ఎక్కువ కాబట్టి కెమెరా మీటరు చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేస్తుంది. అప్పుడు తెల్ల ఈకలు కాలిపోయి సున్నం పూసినట్టు వస్తాయి, తర్వాత ఎంత దిద్దినా వివరం రాదు. కాబట్టి ఎక్స్‌పోజర్ మైనస్ ఒకటి దాకా తగ్గించాలి. అదే కొంగ మబ్బు ఆకాశం మీదికి ఎగిరితే లెక్క తిరగబడుతుంది. ఫ్రేమంతా తెలుపే కాబట్టి కెమెరా తగ్గించేస్తుంది, అప్పుడు ప్లస్ వైపు వెళ్లాలి. ప్రతిసారీ మార్చుకుంటూ కూర్చోలేక నేను మాన్యువల్‌కి, అంటే అన్నీ చేత్తో సెట్ చేసుకునే పద్ధతికి మారిపోయాను. ముందు ఒక కొంగ మీద చూసి తెలుపు కాలకుండా సెట్ చేసుకుంటే, వెలుతురు మారేదాకా వెనక బురదున్నా ఆకాశమున్నా కొంగ సరిగ్గానే పడుతుంది. షట్టర్ (తెరుచుకుని ఉండే సమయం) సెకనులో 1/2000 వంతు, అపెర్చర్ (లెన్సు రంధ్రం) 8.

ఉన్నికొంగ తల, మెడ, రొమ్ము, వీపు మీద ఈ కాలంలో నారింజ రంగు ఉంటుంది. నల్లబురద మీద, తెల్లటి ఒంటి మీద ఆ నారింజ చూస్తుంటే కళ్లు తిప్పుకోలేం. ముక్కు, కాళ్లు కూడా ఎర్రబడ్డ ఒక జంట గట్టు మీద దొరికింది. చిన్న కప్పని ముక్కుతో పట్టుకుని, దాన్ని నీళ్లల్లో ఒకసారి ఆడించి, తల పైకెత్తి మింగడం వరసగా వచ్చింది. మింగేటప్పుడు మెడలోంచి ఆ ముద్ద దిగుతుండటం నారింజ ఈకల కింద స్పష్టంగా కనబడింది.

తడి గురించి ఒక మాట. ఏసీ గదిలోంచి తీసిన లెన్సుని నేరుగా చేలోకి తీసుకెళ్తే అద్దం మీద ఆవిరి కమ్మేస్తుంది, అది పోవడానికి చాలాసేపు పడుతుంది. రాత్రే లెన్సుని సంచితో సహా వరండాలో పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. ఇంటికొచ్చాక సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి దూరని డబ్బాలో ఉంచాలి. మా దగ్గర వానాకాలం లెన్సుకి ఫంగస్ పట్టడం చాలా మామూలు.

మఖ, పుబ్బ, ఉత్తర (ఆగస్టు చివర, సెప్టెంబర్)

గిజిగాడి కార్తెలు. బోదెకాలువ మీదికి వంగిన ఈత చెట్లకి గూళ్లు వేలాడుతున్నాయి. దాదాపు అన్నీ చెట్టుకి తూర్పు వైపునే కట్టాయి. నైరుతి గాలి, వాన కొట్టేది పడమటి నుంచి కదా, చెట్టు మొదలు అడ్డం ఉంటుందని. గిజిగాళ్లు తూర్పు వైపుని ఇష్టపడతాయని పక్షుల్ని చదివినవాళ్లు ఎప్పుడో రాశారు. మా చెట్ల దగ్గర అది కళ్లారా కనబడుతుంటే ఒళ్లు పులకరించింది.

మగపిట్టకి నడినెత్తి, రొమ్ము పసుపు, ముఖం ముదురు గోధుమ. పుల్ల తెచ్చే తీరు చూడాలి. వరి ఆకు అంచుని ముక్కుతో చిన్నగా కొరుకుతుంది, ఆ కొసని గట్టిగా పట్టుకుని ఎగురుతుంది. ఎగిరే ఊపుకే ఆకు నిలువునా చీలి సన్నటి దారంలా దాని వెనకే వస్తుంది. ఈ చీలే క్షణం దొరకడానికి గూటి మీద గురిపెట్టి లాభం లేదు. పిట్టలు ఏ మడిలోంచి ఆకు తెస్తున్నాయో చూసి, అక్కడ కూర్చోవాలి. చీలిన ఆకు గాలిలో వంపు తిరిగి, కొస ఇంకా మొక్కకే అంటుకుని ఉన్న ఫొటో ఒకటి వచ్చింది. వెనక పచ్చటి వరి. ఇప్పటిదాకా తీసిన వాటిలో కాలమూ పిట్టా ఒకదాన్నొకటి విడదీయలేనంతగా కలిసింది ఇందులోనే అనిపిస్తోంది.

గూడు మొత్తం కట్టడానికి మగపిట్టకి 18 రోజులు పడుతుంది. అందులో మొదటి 8 రోజుల పని అయ్యేసరికి గూడు బోర్లించిన టోపీలా ఉంటుంది, కింద అడ్డంగా ఒక పట్టీ. ఆ దశలో ఆడపిట్టలు వచ్చి పరీక్ష చేస్తాయి. నచ్చితేనే మగపిట్ట గుడ్ల గది, కిందికి గొట్టం కడుతుంది. నచ్చకపోతే ఆ టోపీ అలాగే వదిలేసి పక్కన కొత్తది మొదలెడుతుంది. ఒకే చెట్టు మీద సగం గూళ్లు, నిండు గూళ్లు, వదిలేసినవి అన్నీ కనబడేది అందుకే. ఆడపిట్ట లోపల చూస్తుంటే మగపిట్ట కింద వేలాడుతూ రెక్కలు టపటపా కొడుతుంది. ఇది తీయడానికి షట్టర్ 1/1600 పెట్టాను, రెక్క అంచులు కాస్త చెదిరినా బాగుంది.

దూరం గురించి రాయాలి. గిజిగాడు మనుషులకి పెద్దగా బెదరదు, దగ్గరికి పోనిస్తుంది. అయినా కాలువ ఇవతల గట్టు దాటి వెళ్లలేదు. కొమ్మలు పక్కకి తీసి కట్టడం, గూడు కనబడేలా ఆకులు కోయడం, ఫోన్లో పిట్ట కూత పెట్టి పిలవడం, ఇవేవీ ఈ ప్రాజెక్టులో లేవు. కూత వినిపిస్తే తన ఇలాకాలోకి ఇంకో మగపిట్ట వచ్చిందని అది తిండీ గూడూ మానేసి వెతుకుతుంది. పిల్లల్ని సాకే రోజుల్లో దాని అరగంట పాడుచేసే హక్కు మనకి లేదు.

చెరువులో మునుగుడు కోళ్లకి కూడా ఇదే అదను. మెడ, బుగ్గలు ఇటుక ఎరుపు, ముక్కు మూలన లేత పసుపు మచ్చ. తేలే నాచు మీదే గూడు, తల్లి దిగి వెళ్లేటప్పుడు గుడ్ల మీద నాచు కప్పి మరీ వెళ్తుంది. పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని ఈదే ఫొటో దూరం నుంచే దొరికింది.

హస్త, చిత్త, స్వాతి (అక్టోబర్)

వాయుగుండాలు. చాలా రోజులు బయటికి వెళ్లడమే కుదరలేదు. పొట్ట మీదున్న వరి పడిపోయిన చేల దగ్గర కెమెరా తీయాలనిపించలేదు.

కరెంటు తీగల మీద వానకోవెలలు (స్వాలో పిట్టలు) బారులు తీరాయి, ఉత్తరాది నుంచి వచ్చేశాయి. దసరా నాడు పాలపిట్టని చూడాలన్న ఆచారం కోసం కొందరు వాటిని పట్టి పంజరాల్లో తిప్పుతుంటారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. పాలపిట్ట కావాలంటే పొద్దున్నే పొలాల వైపు నడిస్తే తీగ మీద కూర్చుని ఉంటుంది, కాసేపు ఆగితే మిడత కోసం కిందికి దూకుతూ రెక్కల్లో ఆ రెండు రకాల నీలాన్ని చూపిస్తుంది. పండగ రోజు మా వీధి పిల్లల్ని తీసుకెళ్లి చూపించాను. వాళ్లలో ఇద్దరు మళ్లీ ఎప్పుడు వెళ్దామని అడుగుతూనే ఉన్నారు.

అనూరాధ, జ్యేష్ఠ, మూల (నవంబర్ చివర, డిసెంబర్)

కోతలు. వరి కోసే ముందే చేలో మినుములు చల్లేస్తారు కాబట్టి, కుప్పలు వేసేసరికి దుబ్బుల మధ్య పచ్చగా మొలకలొస్తాయి. ఆ తడి మీద తోక ఆడించుకుంటూ తిరిగే పసుపు వాగ్‌టెయిల్‌లు, పురుగుల కోసం ఉన్నికొంగలు. ఉన్నికొంగ ఇప్పుడు పూర్తిగా తెలుపు. నారింజ ఎక్కడా లేదు, ముక్కు ఒక్కటే పసుపు. అదే మడి, అదే మూల గట్టు, అదే సంచి మీద లెన్సు. జూలై ఫొటో ఫోన్లో పెట్టుకుని చూసుకుంటూ గట్టు, తాటిచెట్లు అదే స్థానంలో వచ్చేలా తీశాను. మొదటి జత పూర్తయింది.

గుడ్డికొంగ కూడా మట్టి చారల్లోకి వచ్చేసింది. ఎండు దుబ్బుల మధ్య కదలకుండా నిలబడితే కెమెరా ఆటోఫోకస్‌కి కూడా దొరకదు, కన్ను వెతుక్కునే సిస్టమ్ ముందున్న గడ్డిపోచల్ని పట్టుకుంటోంది. అప్పుడు ఒక్క పాయింట్ ఫోకస్‌కి మారి, దాని పసుపు కంటి మీద పెట్టాలి. ఈ ఫొటోలో చూసేవాళ్లు కొంగని వెతుక్కోవాలి. అలా వెతుక్కోవాలనే దాన్ని ఫ్రేములో చిన్నగా ఉంచాను, చలికాలంలో అది బతికేదే అలా దాక్కుని.

గిజిగాడు మాత్రం టెన్షన్ పెట్టింది. పసుపు పోయి ఊరపిచ్చుకలా గోధుమ చారల పిట్ట అయిపోతుంది, పైగా మునియాలనే చిన్న గింజల పిట్టలతో కలిసి కళ్లాల దగ్గర తిరుగుతుంది. గుంపులో ఏది ఏదో తేల్చుకోవాలి. లావాటి ముక్కు, పొట్టి తోక చూసి పట్టుకోవచ్చు. గడ్డివాము అంచున గింజలేరుకునే నాలుగు పిట్టలు దొరికాయి, వెనక వాము మీద పొద్దుటెండ. ఈత చెట్టు మీద కాదు గానీ, ఈ కాలంలో అది ఉండే చోటు అదే కాబట్టి ఈ జతలో చోటు మారినా సరేననుకున్నాను.

ధనుర్మాసం మంచు. తెల్లారి ఏడున్నర దాకా యాభై గజాల అవతల ఏమీ కనబడదు. మంచులో దూరం పిట్టల జోలికి పోకుండా దగ్గరున్నదాన్నే తీస్తే మంచే ఫొటో అవుతుంది.

ఉత్తరాషాఢ, శ్రవణం (జనవరి)

సంక్రాంతి సెలవుల్లో ఉప్పలపాడు, కొల్లేరు.

ఉప్పలపాడు చెరువు ఊరిని ఆనుకునే ఉంటుంది. చెరువు మధ్య తుమ్మచెట్ల నిండా ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు (పెలికాన్లు), తెల్ల కంకణాలు (ఐబిస్‌లు), నీటికాకులు. గట్టు మీంచే అన్నీ కనబడతాయి. ఎంత దగ్గరంటే ఇక్కడ పెద్ద లెన్సు లేనివాళ్లు కూడా మంచి ఫొటోలు తీయొచ్చు. ఎర్రకాళ్ల కొంగలకి రెక్కల చివర గులాబీ రంగు ఈ రోజుల్లో నిండుగా ఉంటుంది. ఆ చప్పుడు, ఆ వాసన భరించి పక్షుల్ని తమ మధ్య బతకనిస్తున్నది ఆ ఊరివాళ్లు. రెట్ట వాసన ఎలా ఉంటుందో మధ్యాహ్నం గాలి తిరిగినప్పుడు అక్కడ నిలబడితే తెలుస్తుంది. అందుకే ఇక్కడ ఫ్రేములో పక్షుల వెనక ఇంటి గోడలు, నీళ్ల ట్యాంకు వచ్చినా తప్పించలేదు, కావాలనే ఉంచాను.

కొల్లేరు సంగతి వేరు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న ఈ మంచినీటి సరస్సుని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో సరస్సులో తవ్విన చేపల చెరువుల గట్లు పగలగొట్టిన ఆపరేషన్ కొల్లేరు అందరికీ గుర్తే. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు ఇనప స్టాండ్ల మీద గూళ్లు కడతాయి. ఫొటోగ్రాఫర్లు చాలామంది ఆ ఇనుము కనబడకుండా దగ్గరికి జూమ్ చేసి తలని, సంచి మూతిని మాత్రమే తీస్తారు. నేను స్టాండ్‌ని పూర్తిగా చూపించాను. చెట్లు లేని చోట మనుషులు నాటిన ఇనుము మీద ఒక పక్షి జాతి పిల్లల్ని పెంచుతోంది, అంతకన్నా ముఖ్యమైన విషయం ఆ ఫొటోలో ఇంకేముంది? 1946లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో గూడబాతుల పెద్ద స్థావరాన్ని గుర్తించారు. ఆ స్థావరం తర్వాత లేకుండా పోయింది. ప్రపంచంలో ముప్పు అంచున ఉన్న జాతుల్లో ఒకటిగా లెక్కించే ఈ పక్షికి మన ప్రాంతం ఎప్పటి నుంచి ఇల్లో దీన్నిబట్టి తెలుస్తుంది.

మీసాల టెర్న్‌లు అప్పటికి తెల్లగా, తల వెనక మాత్రం నల్లటి చారతో నీళ్ల మీద తిరుగుతున్నాయి. మొదటి సగం తీసిపెట్టాను.

శతభిషం నుంచి ఉత్తరాభాద్ర దాకా (ఫిబ్రవరి చివర, మార్చి)

బూరుగు పూసింది. ఆకు లేని చెట్టు నిండా ఎర్రటి దొప్పల్లాంటి పూలు, వాటి నిండా తేనె. గులాబీ గోరింకలు గుంపులుగా వచ్చి పడ్డాయి. ఇవి మధ్య ఆసియా నుంచి చలికాలానికి వచ్చేవి, ఏప్రిల్లో వెళ్లిపోతాయి. వచ్చిన కొత్తలో మాసిన గుడ్డలా మట్టిరంగులో ఉంటాయి. ఇప్పుడు నలుపూ గులాబీ తేటగా కనబడుతున్నాయి. ఇందులో తమాషా ఏమిటంటే, దీనికి ఈ రంగు కోసం కొత్త ఈకలు రావు. ఉన్న ఈకల అంచుల్లో మట్టిరంగు ఉంటుంది, చలికాలమంతా అది అరిగిపోయి కింద దాగిన గులాబీ బయటపడుతుంది. నవంబర్‌లో తీసిన ఫొటోనీ దీన్నీ వంద శాతం పెద్దదిచేసి ఈక అంచుల్ని చూశాను. అప్పటి అంచు ఇప్పుడు నిజంగానే లేదు. ఊరపిచ్చుక మగదాని గొంతు మీద నలుపు కూడా ఇలాగే అరిగే కొద్దీ పెరుగుతుంది.

బూరుగు ఫొటోలకి ఒక చిట్కా. కింద నుంచి తీస్తే ఆకాశం తెల్లగా కాలిపోయి పిట్ట నల్లగా పడుతుంది. పక్కన డాబా ఉంటే ఇంటివాళ్లనడిగి ఎక్కాలి. ఆ ఇంటి పెద్దావిడ "పైకెళ్లు నాయనా, మెట్లు జాగ్రత్త" అని పంపించి, దిగేటప్పటికి మజ్జిగ ఇచ్చారు. చివరి ఫొటోలో గోరింక ముఖమంతా పసుపు పుప్పొడి.

మార్చి ఎండకి ఉప్పలపాడు మళ్లీ వెళ్లాను. ఎర్రకాళ్ల కొంగల పిల్లలు సగం పెరిగాయి. మధ్యాహ్నం పెద్ద కొంగ ఎండకి వీపు పెట్టి, రెండు రెక్కలు సగం విప్పి గూటి మీద నిలబడుతుంది. పిల్లలు ఆ నీడలోకి జరుగుతాయి. పొద్దు జరిగే కొద్దీ కొంగ కూడా పాదాలు మార్చుకుంటూ తిరుగుతుంది. నోరు తెరుచుకుని గొంతు అదురుతూ రొప్పుతూనే ఉంటుంది గానీ రెక్కలు దించదు. అందరూ మధ్యాహ్నం లైటు బాగుండదని వెళ్లిపోతారు. ఈ ఫొటోకి మాత్రం నడినెత్తి ఎండే కావాలి, నీడ పిల్లల మీద నల్లగా, గట్టి అంచుతో పడాలి.

అశ్విని నుంచి రోహిణి దాకా (ఏప్రిల్, మే)

కొల్లేటి మీసాల టెర్న్‌లు మారిపోయాయి. నల్లటి టోపీ, బూడిద నలుపు పొట్ట, మధ్యలో తెల్లటి బుగ్గ. గాడ్‌విట్‌లు (పొడుగు ముక్కుతో బురదలో మేసే వలస పక్షులు) కూడా ఇటుక ఎరుపెక్కాయి. ఇక్కడే పెళ్లిబట్టలు కట్టుకుని, పెళ్లి మాత్రం ఎక్కడో దూరాన చేసుకునే జనం ఇవి. ఉత్తరానికి పోయేలోపు రెండు మూడు వారాలే ఈ రంగులో దొరుకుతాయి. టెర్న్‌ల జత పూర్తి.

ఎండావిరి ఈ రోజుల్లో అసలు శత్రువు. ఎనిమిదింటికే నీళ్ల మీద గాలి కాగి అలలు పోతుంది. ఎంత ఖరీదైన లెన్సైనా దూరం పిట్ట మీద ఫోకస్ కుదిరినట్టే ఉండి అంచులు మెత్తగా వస్తాయి. షట్టర్ పెంచినా ట్రైపాడ్ వాడినా లాభం ఉండదు, దగ్గరున్న పిట్టనే తీయాలి, లేదా ఎనిమిదిలోపే పని ముగించాలి.

అందుకే ఎండాకాలం పెరట్లోకి మారాను. ఊదా తేనెపిట్టకి డెల్టా కొంగలకి వ్యతిరేకమైన లెక్క. వాటికి రంగొచ్చే వానాకాలం చివర్లో ఇది రంగు పోగొట్టుకుంటుంది. సెప్టెంబర్ నుంచి మగపిట్ట ఆడదానిలా పసుపు పొట్టతో, గొంతు నుంచి కిందికి ఒక్క నల్లగీతతో ఉంటుంది. ఎండలు మొదలయ్యేసరికి ఒళ్లంతా మెరిసే ఊదా నలుపు. రోహిణిలో రోళ్లు పగిలే ఎండకి ఈ మెరుపు అద్భుతంగా పలుకుతుంది. సూర్యుడు నా వీపు వెనక ఉండి, పిట్ట తల నా వైపు తిప్పినప్పుడు మాత్రమే ఆ ఊదా రంగు కనబడుతుంది, లేకపోతే బొగ్గు నలుపే. మందార మీద వాలి తల తిప్పిన ఆ అరక్షణం కోసం సెకనుకి పది ఫ్రేములు తీయాలి. అక్టోబర్‌లో ఇదే మందార మీద నల్లగీత పిట్ట ఫొటో ముందే ఉంది.

ఇప్పటికి ఎక్కడిదాకా వచ్చింది

ఉన్నికొంగ, గుడ్డికొంగ, గిజిగాడు, మునుగుడు కోడి, గోరింక, టెర్న్, తేనెపిట్ట జతలు అయ్యాయి. మునుగుడు కోడి చలికాలం ఫొటో బాగానే ఉంది గానీ లైటు వేరుగా పడింది, కుదిరితే మళ్లీ తీస్తాను.

మిగిలింది జకానా. చలికాలంలో పొడుగు తోక లేకుండా, మట్టిరంగు వీపుతో, రొమ్ము మీద నల్లటి దండతో ఉన్నది దొరికింది. వానాకాలంలో దానికి పొడవాటి వంపు తోక, మెడ వెనక బంగారు రంగు వస్తాయి. ఆడది గుడ్లు పెట్టి ఇంకో మగదాని దగ్గరికి వెళ్లిపోతే, గుడ్లు పొదిగి పిల్లల్ని తిప్పేది మగపక్షే. అది తామరాకుల మీద పిల్లలతో నడిచే ఫొటో నాకు కావాలి. నేను చూసుకున్న చెరువుని నిరుడు చేపల పాటకిచ్చి తామర మొత్తం తీయించేశారు. ఆకు లేకపోతే జకానాకి నిలబడే చోటే లేదు, ఆ ఏడు అక్కడ ఒక్కటీ గూడు పెట్టలేదు. చెరువులో ఒక మూలైనా తామర వదలమని ఈసారి పాటకి ముందే పంచాయతీలో అడిగాను. పెద్దలు కాదనలేదు, రాసి మాత్రం ఇవ్వలేదు. ఈలోగా పక్క ఊళ్లో ఇంకా తామర ఉన్న కుంట ఒకటి చూసుకున్నాను. గట్టు తూర్పు వైపు ఉంది, పొద్దుటి లైటుకి సరిపోతుంది.

జతల్ని 12 బై 18 సైజులో పక్కపక్కన ప్రింట్ వేయించి, కింద కార్తె పేరు, తీసిన చోటు రాసి మా ఊరి హైస్కూల్ వరండాలో పెట్టడానికి హెడ్‌మాస్టరు గారితో మాట్లాడాను. గూళ్లున్న చెట్ల ఆనవాళ్లు మాత్రం రాయను, ఊరి పేరు చాలు. దసరా నాడు నాతో వచ్చిన పిల్లలు ఉన్నికొంగ జత చూసి, తెల్లదాన్నీ నారింజదాన్నీ రెండు వేరే కొంగలనుకున్నారు. ఆరుద్ర కార్తెలో కుంట దగ్గరికి వాళ్లు కూడా వస్తారు.